తొంభై మూడో పేజీ

నేను ఒక నవలని. నూట ఎనభై నాలుగు పేజీలు, పల్చటి అట్ట. ఎండలు మండిపోతున్న రోజుల్లో విజయవాడలోని ఒక ఇరుకు ప్రెస్సులో అచ్చయ్యాను. నా పేరు 'పొగచూరిన గంటె'. ఒక బడిలో మధ్యాహ్నం అన్నం వండే ఆడమనిషి కథ నాది. ఆమె వండింది తినకూడదని పెద్దవీధి వాళ్ళు తమ పిల్లలకు ఇంటి నుంచి క్యారేజీలు కట్టి పంపుతుంటారు. నన్ను రాసినాయన పెద్ద పేరున్నవాడేమీ కాదు. రెండేళ్ళపాటు నేనూ నా తోటి ప్రతులూ గోడౌనులో చెదపురుగులకు భయపడుతూ గడిపాం. మనుషులకు కూడా భయపడాలని అప్పటికి మాకు తెలియదు.

పన్నెండు ప్రతుల్ని కొని ఒక పల్లెటూరి హైస్కూలుకు తెచ్చింది జ్ఞానసుందరి టీచరు. అక్కడ తెలుగు చెప్పేది. తొమ్మిదో తరగతి వాళ్ళు ఆ ఏడాది చదవాల్సిన పుస్తకాల జాబితాలో నాది మూడో పేరు. "పరీక్షకు రాదు, ఊరికే చదవండి," అంది. ఆ మాటకే పిల్లలు ఎగబడ్డారు. నన్ను హారిక అనే పిల్ల తీసుకెళ్ళింది.

హారిక తండ్రి రంగనాయకులు ఎరువుల వ్యాపారి, బడి తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుడు. కూతురి మంచం మీద నన్ను చూసి తెరిచాడు. తెరుచుకున్నది తొంభై మూడో పేజీ. అందులో పెద్దవీధి ఆసామి ఒకడు వంటామెను కులం పేరు తగిలించి ఒక బూతు తిడతాడు. రంగనాయకులు ఆ పేజీని ఫోటో తీసి ఊళ్ళో అందరి ఫోన్లకూ పంపాడు. అంతటితో ఆయన సాహిత్య పఠనం ముగిసింది.

సోమవారం కమిటీ కూర్చుంది. మొత్తం ఏడుగురు.

"మీలో ఎంతమంది చదివారండీ?" అని టీచరు అడిగింది.

"చదవాల్సిన పనేముందమ్మా," అన్నాడు రంగనాయకులు. "చదివితే చెడిపోతారనే గదా మేం చెప్పేది."

మిగతా ఆరు తలలూ ఊగాయి. ఏ పుస్తకమూ చెడగొట్టని తలలు.

ఇంతలో ఆయన ఫోను మోగింది. వరండాలోకి వెళ్ళి, లోడు దించలేదని ఒక హమాలీని కులం పేరు ఒక్కటే మార్చి అదే తిట్టు మూడుసార్లు తిట్టి, లోపలికొచ్చి మళ్ళీ సంస్కారం గురించి మొదలుపెట్టాడు.

"అయినా మన ఊళ్ళో ఇట్టాంటియ్యి ఉన్నాయా? లేనిపోనియి పిల్లల బుర్రల్లోకి ఎందుకెక్కించడం?"

"చదివిన పిల్లల్ని ఒక్కరినైనా అడుగుదామండీ," అని టీచరు హారికను పిలిచింది. ఆ పిల్ల నన్ను గుండెకు అదుముకుని వచ్చింది.

"మరి నేను క్యారేజీ ఎందుకు తెచ్చుకుంటున్నా నాన్నా?" అంది. "సువార్తమ్మ వండింది తినొద్దనే గదా నాయనమ్మ రోజూ కడతంది."

సువార్తమ్మ ఆ బడిలో వంట చేసే మనిషి. హెడ్మాస్టరు కిటికీలోంచి ఆటస్థలాన్ని శ్రద్ధగా చూశాడు. రంగనాయకులు లేచి నన్ను కూతురి చేతుల్లోంచి లాక్కున్నాడు.

తీర్మానం ఏకగ్రీవమైంది. 'విద్యార్థుల మనోభావాలు దెబ్బతినే అవకాశమున్నందున' నన్ను జాబితా నుంచి తీసేశారు. దెబ్బతిన్నవి ఎవరి మనోభావాలో విద్యార్థులందరికీ తెలుసు.

మర్నాడు హారిక క్యారేజీ లేకుండా వచ్చి, పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడింది. మూడు రోజులు తిన్నది. నాలుగో రోజు నాయనమ్మే క్యారేజీ పట్టుకుని బడికొచ్చి, పక్కన కూర్చుని మరీ తినిపించి వెళ్ళింది. నెల తిరక్కుండా జ్ఞానసుందరి టీచరును నలభై కిలోమీటర్ల అవతలి బడికి పంపేశారు. వెళ్ళేరోజు ఆమె హారిక తల నిమిరి, "నువ్వడిగింది తప్పు కాదమ్మా," అని మాత్రం చెప్పింది.

మా పన్నెండింటినీ తాడుతో కట్టి, ఎవరి కంటా పడకుండా బియ్యం మూటలుండే గదిలో పడేశారు. ఆ గది తాళంచెవి సువార్తమ్మ కొంగున ఉంటుందని ఏ పెద్దమనిషికీ తోచలేదు.

సువార్తమ్మ ఏడో తరగతి దాకా చదివింది. గిన్నెలు కడిగాక తాడు విప్పి, పైనున్న నన్ను తీసి, మూట మీద కూర్చుని వేలు పెట్టి కూడబలుక్కునేది. రోజుకు రెండు పేజీలు. పన్నెండో పేజీలో నవ్వింది. "వందమందికి ఇంతేనా పప్పు? రాసినాయనకు వంట రాదు." నా గురించి ఆ ఊళ్ళో వచ్చిన మొదటి నిజాయితీగల విమర్శ అది.

తొంభై మూడో పేజీలో ఆమె వేలు ఆగింది.

"దీనికా ఇంత గొడవ," అంది మెల్లగా. "నన్ను రోజూ పిలిచేదేగా."

పేజీ తిప్పింది.

చివరికి వచ్చేసరికి పరీక్షలు దగ్గరపడ్డాయి. నా కథలో వంటామె అవమానం భరించలేక ఊరు వదిలి వెళ్ళిపోతుంది. ఆ ముగింపు చూసుకుని ఇన్నాళ్ళూ నేను గర్వపడ్డాను. సువార్తమ్మకు అది నచ్చలేదు.

"ఎందుకు పోవాలంట?" అని నన్నే అడిగింది. "నేనైతే పోను."

నన్ను మూట మీద పెట్టి, రేపటికి బియ్యం కొలవడానికి లేచింది.