దవడలో నిలవని వెలుతురు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే అక్క కిటికీ పక్క బల్లమీద గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీతలు గీసి కత్తిరిస్తుంది. చెల్లెలు మూలనున్న మిషను ముందు కూర్చుని కుడుతుంది. పద్నాలుగేళ్ళుగా ఇదే వరస. వచ్చినవాళ్ళు కోటు తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఏం కుట్టావమ్మా!" అని చెల్లెల్ని మెచ్చుకుంటారు. ఏం కత్తిరించావమ్మా అన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. అక్క పైకి నవ్వేది, లోపల పళ్ళు నూరేది. అన్నేళ్ళు నూరితే రాయైనా అరుగుతుంది, దవడ ఒక లెక్కా?

ఒకరోజు చెవి ముందు కీలు పట్టేసింది. నోరు ఒక్క వేలి మందానికి మించి తెరుచుకోలేదు. చెంచా పట్టదు, ఆవులింత వస్తే కళ్ళనీళ్ళే. పళ్ళ డాక్టరమ్మ నొక్కి చూసి, "ఎర్ర వెలుతురు పెడదాం. ఆరుసార్లు రండి, నొప్పి తగ్గి కీలు వదులవుతుంది" అంది.

దవడకి వెలుతురు పెట్టించుకుంటే సాయంత్రం దాకా అది చెంపలోనే ఉంటుందన్నది ఊళ్ళో అందరూ ఎరిగిందే. బస్సు కండక్టరు నోరు తెరిచి ఆ వెలుగులోనే టికెట్లు చింపేవాడు. లైబ్రరీ ఆవిడ చీకటి అరల మధ్య నోరు తెరుచుకుని పుస్తకాలు వెతికేది. అక్కకి మాత్రం ఆసుపత్రి మెట్లు దిగేలోపే ఆరిపోయేది. కండక్టరు చెంప చూసినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. "ఆ మొహానికి వెలుతురొకటే తక్కువైంది!" అని గొణుక్కునేది.

ఐదోసారి డాక్టరమ్మ విసుక్కుంది. "పళ్ళు కరుచుకుంటే నిలవదమ్మా. పెదాలు మూసుకోండి, పళ్ళు మాత్రం తగలనివ్వకండి. అసలు దేన్ని అంత గట్టిగా పట్టుకున్నారు?"

"ఏం లేదు" అంది అక్క.

ఉంది. సరిగ్గా వారం కిందట నాటకాల కంపెనీ మేనేజరు కొట్టుకి వచ్చాడు. చెల్లెలు గుండీలు కొనడానికి వెళ్ళింది. అక్క పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. "మా వేషాలన్నీ మీ చెల్లెలే కుట్టాలని అనుకుంటున్నాం. మంచి ఉద్యోగం. వచ్చే శుక్రవారం ఐదింటిలోగా వచ్చి ఒప్పుకోమనండి, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం" అన్నాడాయన. నోట్లో సూదులుండగా ఏం మాట్లాడుతుంది? తలూపింది. తర్వాత సూదులైతే తీసింది గానీ కబురు నోట్లోనే ఉండిపోయింది. దవడ పట్టేసింది ఆ మర్నాడే.

మర్నాడే శుక్రవారం. మధ్యాహ్నం ఆరోసారి. అక్క నాలుక కొసని పళ్ళ మధ్య ఆనించుకుని, ఎవరు పలకరించినా పలక్కుండా నడిచొచ్చింది. వెలుతురు నిలిచింది. ఆమె సంబరం అంతా ఇంతా కాదు. కొట్టుకి వచ్చేసరికి వాన, మబ్బు, కరెంటు లేదు. చెల్లెలు నల్ల కోటు ఒళ్ళో వేసుకుని అవస్థ పడుతోంది.

"సమయానికి వచ్చావు. నోరు తెరు అక్కా. నల్ల బట్ట, నల్ల దారం, అంచు కనబడి చావట్లేదు. కోటాయన ఐదింటికి వచ్చేస్తాడు."

అక్క తెరిచింది. ఆ ఒక్క వేలి సందులోంచి పడ్డ వెలుగులో చెల్లెలి కుట్టు చీమలబారులా కనబడింది, ఒక్కటీ వంకర లేదు. అక్కకి అసూయ ఎగదన్నింది. పళ్ళు దగ్గరికి జరిగాయి.

"మసకబారుతోందే" అంది చెల్లెలు. "అన్నట్టు, నాటకాల కంపెనీకి బట్టల మనిషి కావాలట. గుండీల కొట్లో చెప్పారు. ఎవరినో అడిగితే ఆ మనిషి ఇంకా రాలేదట. నీ పేరు చెప్పనా? కత్తెర పట్టడంలో నీ అంత మనిషి ఎక్కడుంది?"

అక్క తెరిచిన నోటితోనే చెల్లెలి మొహంలోకి చూసింది.

"అంత మంచిదాన్నేం కాదులే" చెల్లెలు నవ్వింది. "నువ్వటు వెళితే కిటికీ పక్క బల్ల నాకొస్తుంది. నువ్వు చెయ్యి ఎత్తకుండా ఒక్క గీత గీస్తుంటే, ఈ మూల కూర్చుని పద్నాలుగేళ్ళుగా కుళ్ళి చస్తున్నాను."

దవడ టక్కుమంది. నోరు మూడువేళ్ళ మందాన తెరుచుకుంది. వెలుతురు కొట్టంతా పరుచుకుంది, వెనకే మాటా వచ్చేసింది.

"వాళ్ళు అడిగింది నిన్నేనే. ఎనిమిది రోజులైంది. ఇవాళ ఐదింటికి గడువు. ఓర్వలేక చెప్పలేదు."

చెల్లెలు సూది ఆపలేదు. చివరి కుట్టు వేసి, ముడి పెట్టి, దారం పంటితో కొరికింది. గడియారం వైపు చూసింది. నాలుగున్నర. లేచి గొడుగు తీసుకుంది.

"తిట్టవే" అంది అక్క.

"తిడతా. తీరిగ్గా వచ్చి తిడతా." గడప దగ్గర ఆగి గొడుగు విప్పింది. "గుండీలు మిగిలాయి. నోరు ముయ్యకు."

అక్క నోరు తెరుచుకునే కూర్చుంది. ఏళ్ళ తర్వాత సూది పట్టింది. తన వెలుగులో తన వంకర కుట్లే చూసుకుంటుంటే ఏడుపొచ్చింది. అయినా పళ్ళు తగలనివ్వలేదు.

కోటాయన గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. "మీ చెల్లెలు నాటకాల కంపెనీ గేట్లోకి పరిగెడుతూ కనబడింది. ఇంకా ఐదు కొట్టలేదు. అంత తొందరేమిటో?"

"ఉద్యోగం. ఇక వేషాలన్నీ అదే కుడుతుంది."

ఆయన కోటు తొడుక్కుని, ఆమె నోటి దగ్గరికి వంగి ఆ వెలుగులో చూసుకున్నాడు. "మరి ఈ గుండీలు ఎవరు కుట్టారు?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది."

అక్క నోరంతా తెరిచి నవ్వింది. వెలుతురు ఆరలేదు.