దబ్బపండు ఛాయ

ఫిల్మ్‌నగర్‌లో నాగేశ్వరి చేతులకు పేరుంది. ఆవిడ మేకప్ మనిషి కాదు. మేకప్ పడకముందు ముఖానికి, మెడకు దబ్బనూనె మర్దనా చేసి, తర్వాత శనగపిండితో కడిగేస్తుంది. అంతే పని. అయినా ఆ చేతులు పడ్డ ముఖం కెమెరా ముందు వేరేగా వెలుగుతుందని నమ్మే హీరోయిన్లు బోలెడుమంది ఉన్నారు. నమ్మకాల మీదే నడిచే చోట ఇంతకంటే ఏం కావాలి?

నూనెలో పెద్ద గుట్టేమీ లేదు. ముగ్గిన దబ్బపండు తొక్కను వంచి నొక్కితే సన్నటి తుంపర చిమ్ముతుంది చూశారూ, ఆ తుంపరే అసలు సరుకు. దాన్ని నువ్వులనూనెలోకి పిండుకోవడమే. పళ్లు కోనసీమ నుంచి తమ్ముడు ఆదినారాయణ పంపేవాడు. కాలవ గట్టున, కొబ్బరిచెట్ల నీడలో పెరిగిన చెట్లవి. చలికాలంలో పసుపుపచ్చగా ముగ్గాక గోనెసంచిలో కట్టి బస్సులో వేసేవాడు. ఆ నూనె ఏడాది పొడుగునా వచ్చేది.

ఈ నూనె గురించి వాళ్లమ్మ ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది. "పండిన కాయే కొయ్యాలి, పొద్దు గూకాకే రాయాలి." ఎందుకని అడిగితే, "మా అమ్మ చెప్పింది, నేను నీకు చెప్పాను" అని ఊరుకునేది. మాటలో మొదటి సగం పాటించడానికి నాగేశ్వరి కష్టపడలేదు. ఊరి నుంచి వచ్చేవే పళ్లు కదా. రెండో సగాన్ని మాత్రం హైదరాబాదు బస్సు ఎక్కిన రోజే వదిలేసింది. షూటింగులు పొద్దున్నే మొదలవుతాయి. సూర్యుడు దిగేదాకా ఆగండి అంటే ఎవరు ఊరుకుంటారు? పైగా ఇన్నేళ్లు పట్టపగలే రాసినా ఎవరికీ ఏమీ కాలేదు. ముసలమ్మ చాదస్తం అనుకుంది.

ఇంటి పెరట్లో కూడా ఒక దబ్బచెట్టు ఉంది. ఊళ్లో చెట్టుకే అంటు కట్టించి తెచ్చి, కూతురు మనోజ్ఞ పుట్టిన ఏడాది, ఇల్లున్న గుట్ట బండల సందున నాటింది. ఒక్క తల్లి బిడ్డలకే పెరిగిన చోటును బట్టి బుద్ధులు మారిపోతాయంటారు, చెట్టు మాత్రం మారదా? అక్కడ కాయలు కొబ్బరిబోండాలంత అయితే, ఇక్కడివి పిడికెడంత. తొక్క మందం, ఒళ్లంతా బుడిపెలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైన ఎండ, కింద కాలే బండ. వీధి మలుపు తిరగ్గానే వాసన ముక్కుకు తగులుతుంది. ఆ కాయలతో నాగేశ్వరికి ఎన్నడూ అవసరం పడలేదు.

ఆ శ్రావణంలో పడింది.

మనోజ్ఞకు హీరోయిన్ వేషం వచ్చింది! హీరోయిన్ పక్కన స్నేహితురాలిగా, పెళ్లిపందిట్లో పేరంటాలిగా నిలబడి నిలబడి కాళ్లు అరిగిపోయిన పిల్లకు సొంత పేరుతో పోస్టర్. దర్శకుడు సృజన్ కొత్తవాడు, పిల్ల ముఖం చూసి, "మేకప్ వద్దు, ఈ స్కిన్ ఇలాగే కావాలి" అన్నాడు. నిర్మాత వెంకటరామయ్య మాత్రం పాతకాలం మనిషి. ముహూర్తం రోజున తుమ్మిందని ఒకసారి హీరోయిన్‌నే మార్చేశాడు. అలాంటి పెద్దమనిషి ముందు తన కూతురు నిలబడి గెలవాలి. నాగేశ్వరికి నిద్ర పట్టడం మానేసింది.

తీరా చూస్తే నూనె సీసా అడుగంటింది. తమ్ముడికి ఫోన్ చేస్తే, "ఇంకా పచ్చిగా ఉన్నాయే అక్కా, కార్తీకం వెళ్లనీ" అన్నాడు. ముహూర్తం కాయ కోసం ఆగదు, కాయ ముహూర్తం కోసం పండదు. ఊరందరి ముఖాలకూ రాసి, సొంత కూతురి మొదటి రోజున ఉత్తి చేతులతో నిలబడాలా? నాగేశ్వరి పెరట్లోకి నడిచింది.

వీధిలో తోటపని చేసే పోచయ్య చెట్టెక్కాడు.

"ఇంక పచ్చిగనే ఉన్నయి గదమ్మా. జర పండనీయరాదు?"

"పండేదాకా ఆగితే నా కూతురి సినిమా కూడా రిలీజైపోతుంది. ఎండ తగిలే వైపువి కొయ్యి పోచయ్యా, వాటికే వాసన ఎక్కువ."

పోచయ్య కాయలు కోసి, అక్కడే బండ మీద ఎండలో కూర్చుని తొక్కలు తీశాడు. మోచేతుల దాకా రసం కారింది. వాసన గుప్పుమంది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసి, "ఏం సెంటు చేస్తున్నారండీ?" అని అడిగారు. నాగేశ్వరికి గర్వంగా అనిపించింది. పండు వాసన తియ్యగా, మెత్తగా ఉంటుంది. ఇది ముక్కులోంచి నేరుగా నుదుటికి ఎక్కుతోంది. ఏటా తొక్కల కుప్పకు చీమలు బారులు తీరేవి. ఈసారి సాయంత్రమైనా ఒక్క చీమ రాలేదు. ఆవిడ అది చూసింది, చూసి ఊడ్చి పారేసింది.

ముహూర్తం జూబ్లీహిల్స్‌లో వెంకటరామయ్య బంగళా ముందు, పచ్చిక మీద. ఆ ఏడు శ్రావణానికి వానే లేదు. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. నాగేశ్వరి చీకటితోనే ఇంటి దగ్గర మర్దనా చేసి, శనగపిండితో కడిగి, కూతుర్ని తీసుకొచ్చింది. కారవాన్‌లో కూర్చోబెట్టి, ఇంకొంచెం వాసన ఉంటే బాగుంటుందని ఒక పచ్చి తొక్కను అరచేతుల్లోకి పిండుకుంటూ ఉండగా, తలుపు దగ్గర వెంకటరామయ్య తొంగిచూశాడు.

"ఏమ్మా నాగేశ్వరమ్మా, పిల్ల దబ్బపండులా ఉంది! ఆ ఛాయేంటమ్మా!"

ఆయన అటు వెళ్లాడో లేదో నాగేశ్వరి కంగారుగా కూతురి వైపు తిరిగింది. అయ్యో, పెద్దాయన కన్ను! నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. తడి చేతులు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. కూతురి కణతల దగ్గర్నుంచి చెంపల మీదుగా గడ్డం దాకా రెండు చేతుల వేళ్లూ దువ్వి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. పటపటా విరిగాయి.

"చూశావా, ఎంత దిష్టో!" అంది.

"చల్లగా ఉందమ్మా," అని నవ్వింది మనోజ్ఞ.

నాగేశ్వరి బయటికి వచ్చేసరికి పోచయ్య తోరణాలకు మామిడాకులు తెచ్చి బంగళా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు చేతులకు చుట్టుకున్నాడు.

"ఏమైంది పోచయ్యా?"

అతను తువ్వాలు విప్పాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చారలు. చారల మీద నీటిబొబ్బలు. రసం ఎటు కారిందో, చారలు అటే దిగాయి.

"గా దబ్బకాయల రసం కారిన కాడికే గిట్లయిందమ్మా. మొన్న ఏం లేకుండె. నిన్న ఎర్రగయింది, పొద్దుగాల లేసి సూస్తే బొబ్బలు. ఎండల వడితే సాలు, నిప్పు వెట్టినట్టే మండుతున్నది."

పొద్దు గూకాకే రాయాలి.

అమ్మ గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది. నాగేశ్వరి చేతుల వంక చూసుకుంది. అరచేతులు ఇంకా జిడ్డుగా, ఘాటుగా ఉన్నాయి. మనోజ్ఞ ఇంకా కారవాన్‌లోనే ఉంది, నీడలోనే ఉంది. పరుగెత్తుకెళ్లి సబ్బుతో కడిగి, ఈ రోజుకు ఎండలోకి వద్దు అంటే చాలు. పది అడుగులు లేవు.

ఆ పది అడుగుల మధ్యలో వెంకటరామయ్య నిలబడి ఉన్నాడు. ఎవడు తుమ్ముతాడా, ఎక్కడ దీపం కొండెక్కుతుందా అని నలుదిక్కులా చూస్తున్నాడు. "ముహూర్తం దగ్గరపడుతోంది, అమ్మాయిని పిలవండి" అన్నారు పంతులుగారు. ఇప్పుడు వెళ్లి, ఆపండి బాబూ, నా కూతురి ముఖానికి ఏదో అయ్యేలా ఉంది, అనాలి. అంటే ఇంకేముంది? తుమ్ముకే మార్చినవాడు దీనికి ఊరుకుంటాడా? మర్దనా మనిషి కూతురే కదా, ఇది కాకపోతే ఇంకొకతి. వేషాల కోసం వచ్చినవాళ్లుండే కృష్ణానగర్‌లో ప్రతి గదిలోనూ ఒక హీరోయిన్ సిద్ధంగా ఉంది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నాగేశ్వరి కారవాన్ వైపు కాక పోచయ్య వైపే తిరిగింది.

"జెముడు పాలు తగిలుంటాయిలే," అంది పోచయ్యతో. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇక్కడెవరికీ చూపించకు. శుభమా అని ముహూర్తం జరుగుతోంది. ఇంటికెళ్లు."

పోచయ్య ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి, తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోయాడు.

కొబ్బరికాయ నిండుగా పగిలింది. క్లాప్ పడింది. మనోజ్ఞ ఎండలోకి వచ్చి తలెత్తి నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. దానితో అయిపోతుందనుకుంటే, సృజన్, "లైట్ అదిరిపోయింది సార్, పాటలో బిట్ కూడా లాగేద్దాం" అన్నాడు. నాగేశ్వరి గొడుగు పట్టుకుని పరుగెత్తింది. నీడ ఫ్రేములో పడుతోందన్నారు. తడిగుడ్డతో చెంప తుడవబోయింది.

"ఆంటీ, ఫేస్ టచ్ చెయ్యకండి ప్లీజ్, కంటిన్యుటీ పోతుంది," అని అసిస్టెంటు అడ్డుపడ్డాడు.

మధ్యాహ్నం దాకా ఎండలోనే లాగారు. నాగేశ్వరి చెట్టు కింద నిలబడి కూతురి చెంపల వైపే చూస్తూ ఉంది. ఏమీ లేదు. తెల్లగా, నున్నగా ఉన్నాయి. సాయంత్రం ఇంటికొచ్చాక దీపం వెలుగులో మళ్లీ చూసింది. ఏమీ లేదు. మర్నాడూ షూటింగే. చెంపలు కాస్త కందినట్టున్నాయి. "ఎండకమ్మా, సన్‌టాన్," అంది మనోజ్ఞ. నాగేశ్వరి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. జెముడు పాలే అయ్యుంటాయి, తాను ఊరికే హడలిపోయింది. ఆ రాత్రి ఎన్నాళ్లకో హాయిగా నిద్రపోయింది.

మొన్న ఏం లేకుండె, నిన్న ఎర్రగయింది, పొద్దుగాల లేసి సూస్తే బొబ్బలు. పోచయ్య చెప్పిన లెక్క ఆవిడ మరిచిపోయింది గానీ, అది ఆవిడను మరిచిపోలేదు.

తెల్లారి అద్దం ముందు నుంచి మనోజ్ఞ పిలిచిన పిలుపుకు ఆవిడ కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి పరుగెత్తింది.

రెండు చెంపల మీదా వేళ్లు. కణతల దగ్గర మొదలై గడ్డం దాకా దిగిన నాలుగేసి వేళ్లు. ఎర్రగా, వాచి, బొబ్బలెక్కి. ఎవరో రెండు చేతులా లాగిపెట్టి కొట్టినట్టు ఉన్నాయి.

చర్మం డాక్టరు అరుణజ్యోతి కూడా అలాగే అనుకుంది. పిల్లను కూర్చోబెట్టి, తల్లి వైపు ఒక చూపు చూసి, "ఎవరు కొట్టిండ్రమ్మా? భయపడకుండ చెప్పు," అంది.

"ఎవరూ కొట్టలేదు డాక్టర్."

డాక్టరు లెన్సు పెట్టి దగ్గరగా చూసింది. "నిమ్మ, నారింజ, అట్లాంటి కాయల తొక్క ఏమన్నా తగిలిందా?"

నాగేశ్వరి చెప్పింది. చెట్టు గురించి, పచ్చికాయల గురించి, దిష్టి గురించి. పోచయ్య గురించి చెప్పలేదు.

"ఆ తొక్కల నూనె స్కిన్ మీదుంటే ఎండకు కాలుతదమ్మా. వెంటనే తెలవదు, రెండు మూడు రోజులకు బయటపడ్తది. పచ్చికాయల ఇంకా ఘాటు."

"ఎన్నో ఏళ్లుగా రాస్తున్నానండీ, ఎవరికీ ఏం కాలేదు."

"నీడల పెరిగి పండిన కాయ వేరు, బండ మీద ఎండకు పెరిగిన పచ్చికాయ వేరు. పైగా రోజూ కడిగేస్తరంటిరి. ఈసారి కడగలేదు. బొబ్బలు మానుతయి, నల్లమచ్చలు మాత్రం నెలల తరబడి ఉంటయి. ఎండలకు వోకముందే సబ్బుతోని కడిగి నీడల ఉంచితే ఏం కాకపోవు." అంటూనే నాగేశ్వరి ముఖం చూసి కాస్త మెత్తబడింది. "మీకు మాత్రం ఎట్ల తెలుస్తది లెండి."

"మా అమ్మకు తెలిస్తే చేస్తుందా డాక్టర్?" అంది మనోజ్ఞ, తల్లి చెయ్యి పట్టుకుని. "నాకు దిష్టి తగలకూడదనే కదా."

ఆ చెయ్యి నాగేశ్వరికి మండింది.

షూటింగుకు రాలేనని పొద్దున మనోజ్ఞ సృజన్‌కు పంపిన ఫొటో పెద్దాయన దాకా వెళ్లినట్టుంది, ఆటోలో ఉండగానే నిర్మాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అయ్యగారికి మనసుకు పట్టలేదు, ముహూర్తం మనిషి ముఖం మీద చేతి గుర్తులంటే శుభం కాదు, ఏమీ అనుకోవద్దు. అంతే. మనోజ్ఞ దుపట్టా ముఖానికి కప్పుకుని, ఏడవకుండా బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటి గేటు దగ్గర పోచయ్య నిలబడి ఉన్నాడు. చేతులకు గుడ్డపట్టీలు చుట్టి ఉన్నాయి. ఆటో దిగుతుంటే గాలికి దుపట్టా జారింది. అతను పిల్ల ముఖం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అయ్యో బిడ్డా! గా కాయల రసమేనా? ఆ దినం నేను జెప్తినే అమ్మకు. చేతులు గూడ సూపెడ్తిని గదా."

ఆటో వెళ్లిపోయింది. పెరట్లోంచి ఆ వాసన వస్తూనే ఉంది. మనోజ్ఞ పోచయ్య చేతుల వైపు చూసింది, తర్వాత తల్లి వైపు చూసింది. నాగేశ్వరి అలవాటు కొద్దీ కూతురి చెంప వైపు చెయ్యి చాపింది. మనోజ్ఞ ఆ చేతిని గాల్లోనే పట్టుకుని, తన చెంప మీది మచ్చల పక్కకు తెచ్చి, ఆనకుండా ఆపింది. వేలికి వేలు సరిపోయింది.

"ఎప్పుడు చూపించాడమ్మా? నేను ఎండలోకి రాకముందా, వచ్చాకా?"

వచ్చాక అనొచ్చు. పోచయ్య ఏమీ అనడు, పిల్ల నమ్ముతుంది కూడా.

"రాకముందే," అంది నాగేశ్వరి.

మనోజ్ఞ ఆ చేతిని మెల్లగా కిందికి దించి వదిలేసింది.