రెండూ ఎడమ రెక్కలే

దగ్గరికి జరగండర్రా, సొంతంగా విమానం చేసుకున్న బస్సు మెకానిక్ కథ చెబుతాను.

ఇంటి వెనక షెడ్డులో ఆయన ఏళ్ల తరబడి అల్యూమినియం రేకులు కోసి, బెజ్జాలు వేసి, రివెట్లు కొట్టాడు. వీధిలో వాళ్లు "ఎగిరేదెప్పుడు బాబాయ్? ముందు గుడ్లైనా పెడుతుందా?" అని ఏడిపించినా పళ్లు బిగబట్టి భరించాడు. తీరా రెండో రెక్క పూర్తిచేసి మొదటిదాని పక్కన నిలబెట్టి చూసుకున్నాడు. రెండూ ఎడమ రెక్కలే!

సుత్తి విసిరికొట్టి వంటింట్లోకి వచ్చిపడ్డాడు.

"రేపే పాతసామాన్లవాడికి అమ్మేస్తానే. ఇక నా వల్ల కాదు."

భార్య తడిచేతులు తుడుచుకుంటూ వెళ్లి చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"ఏడవకయ్యా! ఇంకో రెండు కుడి రెక్కలు చెయ్యి. నీకో విమానం, నాకో విమానం. ఒకే దాంట్లో కూర్చుని దారి పొడుగునా నీ గొణుగుడు ఎవరు వింటారు?"

ఆయనకూ నవ్వు ఆగలేదు. "ముందు ఒక్కటి చేస్తాలే, నీ సంగతి తర్వాత" అంటూ సుత్తి వెతుక్కున్నాడు.

ఆ కుడి రెక్కతోనే విమానం ఎగిరింది. మిగిలిపోయిన ఎడమ రెక్క మీద ఆవిడ బట్టలు ఆరేసుకునేది. ఈ కథ గుర్తుపెట్టుకుని ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు ఆ బట్టల సంగతి మాత్రం వదిలేయకండర్రా.