మా ఇంట్లోనే జరిగింది

నాది రెండు కుర్చీల పార్లర్. మా ఇంటి ముందు గదే పార్లర్. ఒక కుర్చీ జుట్టు కత్తిరించడానికి, రెండోది తలంటడానికి. ఆ రెండో కుర్చీలో కూర్చున్నవాళ్ళకి నేను చేసిన ఉపదేశాలన్నీ రాస్తే లావుపాటి పుస్తకం అవుతుంది. మెడ వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, చెవుల్లో నురగతో ఉన్న మనిషి ఎదురు మాట్లాడదు. ఆ సౌకర్యానికి నేను బాగా అలవాటుపడ్డాను.

షాంపూ సీసా వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో ఏం రాసుందో చదివి వినిపించేదాన్ని. నోరు తిరగని పేరు తగిలితే చాలు, అది విషమేనని తేల్చిపారేసేదాన్ని. నేను చదివింది పదో తరగతి. సైన్సులో అత్తెసరు మార్కులు. అయినా పాతికేళ్ళుగా నా చేతులు షాంపూలోనే నానుతున్నాయి కదా, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని ధీమా.

అలాంటి రోజుల్లో మా వదినకి రొమ్ములో గడ్డ బయటపడింది. పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. అన్నయ్య లారీ మీద వెళ్తే వారం దాకా ఇల్లు చేరడు. అందుకని ఆస్పత్రికి తిప్పడం, మందులు తేవడం అన్నీ నేనే చూసుకున్నాను. ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఒకరోజు తలంటించుకుంటూ ఒకావిడ అడిగింది. "చంకల్లో రాసుకునే రోల్-ఆన్ వల్ల రొమ్ముల్లో గడ్డలొస్తాయంటగా, నిజమేనా?"

ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి. తెలియదని చెప్పడానికి నామోషీ అనిపించి, "నిజం కాకేం" అన్నాను. అన్నదాన్ని ఊరుకోవచ్చుగా. ఆ మధ్యాహ్నమే ఫోన్ తీసి మా పార్లర్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. రోల్-ఆన్ చెమటని ఆపేస్తుందనీ, బయటికి పోవాల్సిన విషమంతా లోపలే గడ్డ కడుతుందనీ చెప్పాను. చివర్లో గొంతు తగ్గించి ఇలా అన్నాను. "ఎవరో చెప్తే నేనూ నమ్మేదాన్ని కాదమ్మా. మా ఇంట్లోనే జరిగింది. మా వదిన రెండేళ్ళుగా అదే వాడింది. ఇవాళ ఆస్పత్రి పాలైంది."

వదిన వాడిన మాట నిజం. గడ్డ వచ్చిన మాటా నిజం. ఆ రెంటికీ ముడి పెట్టింది మాత్రం నేను. ఊరికే చెబితే విని వదిలేస్తారు, ఇంట్లో జరిగిందంటే హడలిపోతారు. హడలిపోయారు. గంట తిరక్కుండా ఇరవైమంది దండాల బొమ్మలు పెట్టారు. నేను ఒక్కొక్కటీ చూసుకుని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఆ రోల్-ఆన్ వదినకి ఎవరు తెచ్చిచ్చారో నాకప్పుడు గుర్తే రాలేదు. తెచ్చింది మా మేనకోడలు. నోరు మూతపడదని అందరం దాన్ని పిచ్చుక అంటాం. సబ్బులూ సెంట్లూ అమ్మే పెద్ద షాపులో కౌంటర్ దగ్గర ఉద్యోగం. వదిన లాండ్రీలో రోజంతా ఇస్త్రీ ఆవిరిలో నిలబడి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి చెమట వాసన వస్తుందని ముడుచుకునేది. అది చూడలేక ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచే పిల్ల అమ్మకి రోల్-ఆన్ తెచ్చిపెట్టేది.

నాలుగు రోజులకి ఆ షాపుకే ఎవరో వచ్చి, రోల్-ఆన్ వాపసు తీసుకోమని గొడవపడి, సాక్ష్యంగా ఒక మెసేజ్ వినిపించారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. వెనక నా డ్రయ్యర్ రొద, ముందు నా గొంతు. పిచ్చుక ఆ సాయంత్రమే ఉద్యోగం మానేసింది. ఎందుకని అడిగితే పడలేదంది. వంట చేసేది, అమ్మ పళ్ళెం గది బయట స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయేది. గదిలో మాత్రం అడుగు పెట్టేది కాదు. జబ్బంటే జంకుతోందనుకున్నాం. ఆడపడుచు పెత్తనం కదా, నేను ఊరుకోలేదు. "కన్నతల్లి దగ్గరికి పోవడానికి అంత భయమేంటే? సిగ్గులేదూ?" అని కేకలేశాను. అది నా ముఖంలోకి చూసి లోపలికి పోయింది.

రెండోసారి కీమోకి వెళ్ళినప్పుడు వదిన చేతికి సూది పెడుతూ నర్సు అంది. "రోల్-ఆన్ గురించి ఒక మెసేజ్ తిరుగుతోంది, విన్నారా అక్కా? వచ్చినవాళ్ళంతా అదే అడుగుతున్నారు. నిన్న ఒకావిడ తప్పంతా తనదేనని ఏడ్చేసింది. దానికీ దీనికీ సంబంధం ఉందని ఎక్కడా తేలలేదు. ఎవరో పనీపాటా లేనావిడ!" ఫోన్‌లో పెట్టి వినిపించింది కూడా.

వదిన కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. నాకు తల కొట్టేసినట్టయింది. నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళాక వదిన కళ్ళు తెరిచింది.

"అందుకా పిల్ల నా గదిలోకి రావట్లేదు" అంది. నాకంటే ముందు తనకే అర్థమైంది. "తన వల్లే నాకిలా అయిందనుకుంటోంది. నువ్వే చెప్పు దానికి. నేను చెప్తే అమ్మ కదా, ఓదారుస్తోందనుకుంటుంది."

"చెప్తాను వదినా" అన్నాను. పదకొండు రోజులు చెప్పలేదు. పిల్లకి చెబితే గ్రూపులోనూ చెప్పాలి. పాతికేళ్ళుగా నా మాట వేదమనుకున్నవాళ్ళ ముందు అబద్ధాలకోరుగా నిలబడాలి. ఆ పదకొండు రోజులూ అది వండిపెట్టిందే తిన్నాను. ఉప్పు తక్కువైందని ఒకసారి వంక కూడా పెట్టాను.

పన్నెండో రోజు పొద్దున వదిన తనే పార్లర్‌లోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది. "గొరిగెయ్" అని, కూతుర్ని తువ్వాలు తెమ్మని కేకేసింది. పిచ్చుక తువ్వాలు తెచ్చి గుమ్మంలోనే ఆగింది. నేను మిషన్ ఆన్ చేశాను.

"ఆపు. ముందు చెప్పు" అంది వదిన.

అద్దంలో ముగ్గురం కనబడుతున్నాం. నేను నా ముఖం చూడలేక నేలకేసి చూస్తూ చెప్పాను. "పిచ్చుకా, ఆ మెసేజ్‌లో నేను చెప్పింది అబద్ధం. నీ వల్ల ఏమీ కాలేదు."

"నాకు నచ్చజెప్పడానికి అంటున్నావు."

"కాదే, ఒట్టు. నర్సు కూడా చెప్పింది."

"మరప్పుడు ఎందుకలా అన్నావు?"

తప్పించుకునే మాటలు నాలుగైదు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. "అందరూ నా మాట నమ్మాలని."

"నేనూ నమ్మాను. ఇప్పుడు కూడా అంత గట్టిగానే చెప్తున్నావు అత్తా. ఏది నిజమో నాకెలా తెలుస్తుంది?"

వదినకేసి చూశాను. తను నన్ను ఆదుకోలేదు. తువ్వాలు స్టూలు మీద పెట్టి పిల్ల వెళ్ళిపోయింది. వదిన తల గొరిగాను. ఎన్ని తలలు చూశానో, ఆ పని అంత కష్టం ఎప్పుడూ కాలేదు.

ఆ సాయంత్రం గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టాను. చెప్పింది అబద్ధమనీ, మా వదిన జబ్బుని వాడుకున్నాననీ, క్షమించమనీ. ఇద్దరు జవాబిచ్చారు. ముగ్గురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. దాన్ని ఎవరూ ఎవరికీ పంపినట్టు లేదు. మొదటిది మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

మర్నాడు వదిన కూతుర్ని బలవంతాన ఆస్పత్రికి బయల్దేరదీసింది. నేనూ వెళ్ళాను. డాక్టర్ గది ముందు పిచ్చుక నన్ను ఆపేసింది.

"నువ్వు బయటే ఉండత్తా. నువ్వుంటే, నువ్వే డాక్టర్‌తో అలా చెప్పించావనిపిస్తుంది."

తలుపు పక్కన బల్ల మీద కూర్చున్నాను. తలుపు సరిగ్గా పడలేదు. "డాక్టర్ గారూ, ఆ రోల్-ఆన్ తెచ్చిచ్చింది నేనే. మా అమ్మకి నా వల్లే వచ్చిందా?" అని పిల్ల అడగడం వినిపించింది. ఆ ప్రశ్న అది ఎన్ని రోజులు తనలో తనే అడుక్కుందో!

"లేదమ్మా. నీ వల్ల కాదు" అంది డాక్టర్. ఆవిడ గొంతులో ఏ ఆర్భాటమూ లేదు. "ఇలాంటి గడ్డ మొదలై చేతికి తగలడానికి ఏళ్ళు పడుతుంది. బహుశా నువ్వు ఇంకా బడికి వెళ్తున్నప్పుడే మొదలై ఉంటుంది."

పిల్ల బావురుమంది. "రా, ఇలా దగ్గరికి రా" అంటోంది వదిన. లేచి లోపలికి పోబోయాను. ఏ ముఖం పెట్టుకుని పోతాను? మళ్ళీ కూలబడ్డాను.

బల్ల మీద నా పక్కనున్న ముసలావిడ తలుపుకేసి చూసి, "అయ్యో, ఎవరమ్మా ఆ పిల్ల? మీ పిల్లేనా?" అని అడిగింది.

"మా మేనకోడలండి."

"ఎందుకంతలా ఏడుస్తోంది పాపం? డాక్టరేమన్నా అందా?"

"డాక్టర్ కాదండి. నేనే ఏడిపించాను" అన్నాను.

ఆవిడ నన్నోసారి పైనుంచి కిందికి చూసి, తన సంచి తీసుకుని కాస్త అవతలికి జరిగి కూర్చుంది.