కరక్కాయ గుడ్డ మీద కునుకు

పెడనలో సత్యవేదం ఇంట్లో తెల్లారగానే మొదటి పని కోళ్లను తోలడం. అద్దకానికి తెచ్చిన గుడ్డల్ని కరక్కాయ నీళ్లలో ముంచి, పిండి, దొడ్లో గడ్డి మీద ఆరేస్తారు. వాటి మీద ఏ ప్రాణి కునుకు తీసినా దాని లోపలి రంగులు గుడ్డకు దిగిపోతాయి. తెల్లకోడి పడుకుంటే దాని తాత పుంజు ఎర్ర ఈకలన్నీ తేలతాయి. ఎంత ఉతికినా పోవు, ఆ తాను ఇక అచ్చుకు పనికిరాదు. అందుకని ఆ ఇంట్లో గడపకో కర్ర చేరవేసి ఉంటుంది.

ఆ ఏడు ఎండాకాలంలో అక్కడ రెండు పురుళ్లు జరిగాయి. ముందు సత్యవేదం భార్య రూతు కన్నది. తర్వాత వాళ్ల కుక్క కాటుక ఈనింది. రెండూ తికమక పురుళ్లే.

రూతు నలుపు. సత్యవేదం ఇంకా నలుపు. పుట్టిన పాపకేమో మొక్కజొన్న పీచులాంటి జుట్టు, తేనెరంగు కళ్లు. "మా ఇంటావంటా లేవమ్మా ఈ కళ్లు" అని సత్యవేదం తల్లి ఎలీసబెతు చూడవచ్చిన ప్రతివాళ్లతోనూ అంది.  సత్యవేదం పెళ్లాన్ని అనుమానించాడని చెప్పలేం, అనుమానించలేదనీ చెప్పలేం. తనేమనుకుంటున్నాడో తనకే తెలియక, చెక్క అచ్చు చేత్తో పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడిపోయేవాడు. పాపను మాత్రం ఒక్కసారీ ఎత్తుకోలేదు.

వాళ్ల గుడిలో బాప్తిస్మం నాడు బిడ్డ పేరు తండ్రే గట్టిగా పలకాలి. మూడు ఆదివారాలు వాయిదా వేశాడు. ఓసారి పని ఉందన్నాడు, ఓసారి కాలు నొప్పన్నాడు, మూడోసారి చెప్పడానికేమీ తోచలేదు. పాప ఇంకా ఉత్త పాపగానే ఉంది.

"వచ్చే ఆదివారం మీరు రాకపోతే సోమవారం నేను పుట్టింటికి గుడివాడ రైలెక్కేస్తాను. మళ్లీ రాను" అంది రూతు. అరవకుండా, బియ్యం చెరుగుతూ అంది.  సత్యవేదం కర్ర పట్టుకుని దొడ్లోకి పోయాడు, అక్కడ కోళ్లు లేకపోయినా.

ఇక కాటుక సంగతి. అది నలుపు, ఎదురింటి కుక్కా నలుపు. కాటుక ఎదకొచ్చిన రోజుల్లో దాన్ని స్వయంగా కట్టేసి, ఎదురింటిదాన్ని తప్ప ఇంకో కుక్కను గుమ్మం తొక్కనివ్వకుండా కాపలా కాసింది ఎలీసబెతే. పిల్లలేమో అయిదు. మూడు నల్లవి, ఒకటి కాఫీరంగు, ఒకటి మీగడరంగు. ఎలీసబెతు వాటిని చూసి ఏదో అనబోయి, తన కాపలా గుర్తొచ్చి నోరు మూసుకుంది.

ఆ వారమే బందరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆనందరావుగారు దుప్పట్లు కొనడానికొచ్చాడు. కుక్కపిల్లల్ని చూసి దుప్పట్లు మర్చిపోయాడు.

"రెండు జోడీల జన్యువులండీ," అన్నాడు సంబరంగా. "ఒక జోడీ నలుపా, కాఫీరంగా అన్నది చెబుతుంది. ఇంకో జోడీ ఆ రంగును వెంట్రుకకు పట్టనివ్వాలా వద్దా అన్నది చెబుతుంది. పట్టనివ్వకపోతే లోపల నలుపున్నా పైకి మీగడరంగే. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ 'వద్దు'ను లోపల దాచుకుని ఉంటేనే అలాంటిది పుడుతుంది."

"దాచుకున్నట్టు వాటికి తెలుసా అండీ?" అన్నాడు సత్యవేదం.

"తెలీదండీ. ఎవరికీ తెలీదు."

"మరి మనుషులకో?"

"మనుషుల సంగతి ఇంకా చిక్కండీ. దాచుకోవడం మాత్రం ఇలాగే."

సత్యవేదానికి ఉన్న తికమక రెట్టింపయింది. లోపల నలుపుంటే పైకెందుకు రాదని మళ్లీ అడిగాడు. గుమ్మంలో పాపను భుజాన వేసుకుని నిలబడ్డ రూతు అందుకుంది.

"నిరుడు మీరు ఓ తానుకు కరక్కాయ పట్టించడం మర్చిపోలేదూ? నల్లచ్చు ఎంత కొట్టినా నలుపు పట్టలేదు. అచ్చు చెక్కినాయన్ని వీధిలోకి లాగి తిట్టారు. అప్పుడు కూడా తప్పు అచ్చుది కాదు."

ఆనందరావుగారు "అదేనమ్మా, అదే!" అని చప్పట్లు కొట్టాడు. సత్యవేదం తల ఎత్తలేదు.

మర్నాడు మీగడరంగు కుక్కపిల్ల గుడ్డ మీద నిద్రపోయింది. ఎలీసబెతు కర్ర పట్టుకొచ్చేసరికే ఆలస్యమైంది. దాన్ని లేపి చూస్తే కింద బొగ్గులాంటి నల్ల కుక్కపిల్ల అచ్చు పడి ఉంది. పక్కనే ఇంకో తాను మీద కాటుక పడుకున్నచోట నల్ల అచ్చులోనే ఒక చెవి కాఫీరంగు, ఒక పాదం మీగడరంగు.

"రెండు తానులు పాడుచేశాయి" అంది ఎలీసబెతు. సత్యవేదం ఆ మీగడరంగు పాదం మీద వేలితో రుద్ది చూశాడు.

శనివారం మధ్యాహ్నం అన్నం తిని, కరక్కాయ పట్టించిన మంచి గుడ్డ ఒకటి పరుచుకుని దాని మీద పడుకున్నాడు. నిద్ర రాదే! అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. ఏం తేలుతుందోనని భయం, ఏమీ తేలకపోతే ఎలాగని అంతకంటే భయం. ఇంతలో లోపల రూతు పాపను జోకొడుతూ జోలపాట మొదలుపెట్టింది. పాప కంటే ముందు సత్యవేదమే నిద్రపోయాడు.

లేచి చూసుకున్నాడు. గుడ్డ మీద తన ఒడ్డూ పొడవూ, తన నలుపు. నల్లజుట్టు మధ్య మొక్కజొన్న పీచు పాయ ఒకటి. ఒక కన్ను నలుపు, రెండోది తేనెరంగు.

కర్రతో వచ్చిన ఎలీసబెతు ఆ కన్ను దగ్గర చతికిలబడిపోయింది. "మా నాన్నదిరా," అంది. "నాగాయలంకలో పడవ తోలేవాడు. నాకు నాలుగేళ్లప్పుడే పోయాడు. ఇంతకాలం ఎలా మర్చిపోయాన్రా సత్యం!" కర్ర పక్కన పడేసి ఏడ్చింది.

సత్యవేదం గుడ్డ పట్టుకుని లోపలికి పరుగెత్తాడు. "రూతూ, చూడు! మాస్టారు రెండువైపులా ఉండాలన్నారు గదా, నువ్వు కూడా ఓసారి పడుకుంటే…"

"నాకెందుకండీ?" అంది రూతు. "నాకు మొదట్నుంచీ తెలుసుగా."

అతని చేతిలోంచి గుడ్డ జారిపోయింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు బిడ్డ పేరు అడిగారు. సత్యవేదం రూతు వైపు చూశాడు. ఆమె చూడలేదు. "ఎలీసబెతు!" అన్నాడు చివరి బల్లదాకా వినబడేట్టు. ఆ పేరుగల ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరిగొచ్చేటప్పుడు కాలవగట్టు మీద రూతు ఆగింది. బిడ్డను అతని చేతుల్లో పెట్టి, "తల కింద చెయ్యి వెయ్యండి" అంది. ఆ రోజంతా అతనితో ఆమె మాట్లాడింది ఆ ఒక్క మాటే.