కొట్టని దెబ్బ

గుత్తిలోని తన ఇంటికి సినిమా దర్శకుడు విరాజ్ వస్తున్నాడని తెలిసిన రోజు ఎలిజబెత్ టీచర్ రెండుసార్లు చీర మార్చుకుంది. అతని ఆరు సినిమాలూ ఆమె మొదటి వారంలోనే చూసింది, పక్కింటి తిప్పమ్మను వెంటబెట్టుకుని, అనంతపురం బస్సెక్కి మరీ. హీరో జీపును ఒంటిచేత్తో ఎత్తి విసిరినప్పుడు ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఈ సంగతి ఆమె ఏ సాహిత్య సభలోనూ చెప్పుకోలేదు.

విరాజ్ చెప్పులు గుమ్మం బయటే విడిచి, వద్దంటున్నా నేల మీదే కూర్చున్నాడు. ఆమె ముప్పయ్యేళ్ల కిందట రాసిన ఒకే ఒక్క నవల 'కంకర కుప్ప' అతని చేతిలో ఉంది. కరువు పనిలో రోడ్డుకు కంకర కొట్టిన ఒక కూలి మనిషి కథ అది.

"ఇన్నాళ్లూ చెత్త తీశానమ్మా. ఇది మాత్రం మీరు రాసింది రాసినట్టే తీస్తాను. పాటలుండవు, ఫైట్లుండవు," అన్నాడు.

"ఒక్క పాటైనా?" అంది ఎలిజబెత్ ఆశ చావక.

విరాజ్ నవ్వాడు. "నన్ను పరీక్షిస్తున్నారు."

ఆమె కాదనలేకపోయింది.

నవలలో అతన్ని కదిలించిన ఘట్టం ఒకటుంది. మండుటెండలో మేస్త్రి వచ్చి కూలీల నీళ్ల కడవను కాలితో తన్నేస్తాడు. కథానాయిక చెయ్యెత్తుతుంది. కానీ కొట్టదు. మెల్లగా ఆ చెయ్యి దించి మళ్లీ సుత్తి పట్టుకుంటుంది.

"ఆ కొట్టకపోవడమే సాహిత్యం," అన్నాడు విరాజ్ కళ్లు తుడుచుకుంటూ. ఎలిజబెత్ అతని కాఫీ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది.

షూటింగు వజ్రకరూరు దారిలో ఒక బీడు భూమిలో పెట్టారు. కూలీల గుంపులో నిలబడటానికి చుట్టుపక్కల ఆడవాళ్లను పిలిస్తే తిప్పమ్మా వెళ్లింది. ముంబై నుంచి వచ్చిన హీరోయిన్ చెయ్యెత్తింది, దించింది. దర్శకుడు కట్ చెప్పకముందే తిప్పమ్మ కెమెరా ముందుకు వచ్చేసింది.

"ఏమప్పా, ఆయమ్మ కొట్టకుండానే చెయ్యి దించుతాండాదే? నేను కొట్టినా గదా!"

"నువ్వెవరమ్మా?" అన్నాడు విరాజ్.

"ఆ కడవ నాదే. ఆ కరువు పనికి పోయిందీ నేనే. నా కతనే టీచరమ్మ రాసింది. అడుగు, ఆడే కూర్చోనుండాది."

అందరూ గొడుగు కింద కూర్చున్న ఎలిజబెత్ వైపు తిరిగారు. ఇక దాచి లాభం లేదని ఆమె ఉన్నది చెప్పేసింది. మొదట రాసినప్పుడు దెబ్బ ఉంది. కానీ ఒక పత్రికా సంపాదకుడు, ఇది సినిమాలా ఉంది, తీసేస్తే గొప్ప నవల అవుతుందని ఉత్తరం రాశాడు. తీసేసింది. బహుమతి వచ్చింది. తిప్పమ్మకు చదువు రాదు గనక చెప్పాల్సిన అవసరమూ పడలేదు.

"జరిగిందే గదా బాబూ, తీయండి. చెంపదెబ్బ మీ అంత బాగా ఎవరు తీస్తారు?" అంది ఎలిజబెత్.

విరాజ్ ముఖం మాడిపోయింది. "నా భయం అదేనమ్మా. నేను తీస్తే జనం ఈలలేస్తారు, వీడు మారలేదంటారు. నవల్లో లేనిది నేనెలా పెట్టను?"

"రాసినదాన్ని నేనే చెప్తాండా గదా!"

"నాకు మీకంటే నవల ముఖ్యం," అన్నాడతను రెండు చేతులూ జోడించి.

సినిమాకు విదేశాల్లో ఎక్కడో బహుమతి వచ్చింది. అనంతపురంలో నాలుగు రోజులు ఆడింది. రెండో రోజు ఎలిజబెత్, తిప్పమ్మ వెళ్లేసరికి హాల్లో ముప్పయి మంది ఉన్నారు. తెర మీద చెయ్యి లేచింది.

"కొట్టు!" అని తిప్పమ్మ లేచి నిలబడి అరిచింది.

హాలంతా ఈలలు వేసింది. ఆ సినిమాకు పడ్డ ఈలలు అవే. తెర మీద చెయ్యి మెల్లగా దిగింది. "థూ" అని తిప్పమ్మ కూర్చుంది.

సినిమా పుణ్యమా అని నవల మళ్లీ అచ్చవుతుంటే ఎలిజబెత్ ఆ పేజీ మార్చి, తీసేసిన దెబ్బను తిరిగి చేర్చింది. ఆదివారం పేపర్లో ఒక విమర్శకుడు తెగ బాధపడ్డాడు: రచయిత్రి కమర్షియల్ సినిమా మోజులో పడి మంచి నవలను చేతులారా పాడుచేసుకుందట, దర్శకుడే దాని పరువు నిలబెట్టాడట. విరాజ్ ఫోను చేసి, "ఎంత పని చేశారమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం ఎలిజబెత్ కొత్త పుస్తకం తీసుకుని తిప్పమ్మ ఇంటికి వెళ్లి, ఆ పేజీ చదివి వినిపించింది. తిప్పమ్మ కాళ్లు చాపుకుని వింది.

"బాగుండాది. మర్సనాడు మేస్త్రి నన్ను పనిలోనుంచి తీసేసినాడు గదా, అది యాడ రాసినావు?"

"తీసేసినాడా? నాకు చెప్పలేదే తిప్పక్కా!"

"నువ్వు అడిగితే గదా. కొట్టిందొక్కటే అడిగితివి. మూడు దినాలు పిల్లోళ్లకు గంజి లేదు. నాలుగో దినం కూలోళ్లంతా సుత్తులు కింద పెట్టి, తిప్పక్క రాకుంటే మేమూ కంకర కొట్టమని ఎండలో కూర్చున్యారు. మేస్త్రే మనిషినంపి నన్ను పిలిపించినాడు."

ఎలిజబెత్ పుస్తకం చివరి ఖాళీ పేజీ తిప్పి కలం తీసింది. "కూర్చునిండేది ఎవరెవరు?" అని అడిగింది.

తిప్పమ్మ వేళ్లు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. "మా మారెక్క, ఓబమ్మ, కొండకింది భద్రమ్మ..."