పినాకినికి మీసాలు

మైదా బంక ఉడికేటప్పుడు కలపడం ఆపితే అడుగంటుతుంది. కృష్ణవేణి రోజూ పప్పు వండే పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. ముందుగదిలో భర్త మల్లికార్జున, పార్టీ కుర్రాళ్ళు రెండో విడత పోస్టర్లు చుట్టలు చుడుతున్నారు. "వదినా, ఉండలు కట్టనీయొద్దు, గోడకు పట్టదు," అని ఒకడు కేకేశాడు. నిన్న అంటించిన పోస్టర్లు జమ్మలమడుగు దాకా పోయాయట. జనం ఆగి ఆగి నవ్వుతున్నారట. వాటి మీది బొమ్మ గీసింది తనే. అందుకే ఎవరి మొహమూ చూడలేక గిన్నెలోకి చూస్తోంది.

ఒక పిల్లల మాసపత్రికలో ఆమె నెలనెలా బొమ్మల కథ గీస్తుంది. కథలో పినాకిని అబ్బాయిగా పుట్టి, ఆడదిగా బతకాలని ఇల్లు విడిచిన మనిషి. కక్షలున్న రెండు ఊళ్ళ మధ్య మాట చేరవేయగలిగేది ఆమె ఒక్కతే. చంపాల్సిన మగవాడిగా ఆమెను ఏ పక్షమూ లెక్కలోకి తీసుకోదు మరి. ఆ కథనే అట్ట మీద గళ్ళు గీసి, గవ్వలేసి ఆడే ఆటగా కూడా చేసింది. "ఆ గీతలకు బదులు రెండు అప్పడాలు ఒత్తినా ఇంటికి పనికొస్తాయి," అనేది అత్త నరసమ్మ. పినాకినికి నడక ఇచ్చింది గౌరి. తమ బట్టల అంగడి చీరలకు ఫాల్స్ కుట్టే గౌరి కూడా అబ్బాయిగా పుట్టినదే. చీరలు తెచ్చిన మధ్యాహ్నాల్లో వెనక వరండాలో ఇద్దరూ ఆట ఆడేవాళ్ళు. "పినాకిని అట్ల ఒంగి నడ్చదక్కా, తలెత్తుకోని నడుస్తాది," అని గౌరి లేచి నిలబడి చూపించేది. కృష్ణవేణి చెరిపి మళ్ళీ గీసేది.

పోయిన వారం మల్లికార్జున తెల్లకాగితం తెచ్చి ముందర పెట్టాడు. "అవతలి పార్టీ లీడరు మగోడే కాదని ఊరికంతా తెలియాల. చీర కట్టు, గాజులు తొడుగు. మీసాలు మాత్రం ఆయప్పవే ఉండాల, గుర్తు పట్టాల గదా. నువ్వెట్లాగూ ఆ కొజ్జా బొమ్మలు గీస్తాంటావు, నీకేం కష్టం?" ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అయినా గీసింది. పొయ్యి మీద పాలు పొంగేలోపు గీసేసింది. "మా ఇంటామె గీసింది, చూడండప్పా," అని అతను పదిమందికీ చూపించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె గీతను అతను మనసు పెట్టి చూడటం అదే మొదలు. ఆ క్షణాన లోపలెక్కడో హాయిగా అనిపించింది. గీసినందుకంటే ఆ హాయికే ఇప్పుడు ఆమె ఎక్కువ సిగ్గుపడుతోంది.

పెరటి గుమ్మంలో గౌరి నిలబడి ఉంది. చంకలో చీరల మూట. ఎప్పటిలా లోపలికి రాలేదు.

"పోస్టర్ చూస్తినక్కా."

"అది నీ గురించి కాదు గౌరీ. ఆయప్ప మొగం..."

"మొగం ఆయప్పదేలే. నడుమ్మీద చెయ్యి నాది. ఈ ఊర్లో కొంగు అట్ల దోపుకునేది నేను గాక ఇంకెవురు?"

నిజమే. తొందరలో చెయ్యి తనకు అలవాటైన మనిషినే గీసింది. కృష్ణవేణికి ఆ సంగతి ఇప్పుడే కనిపించింది.

"ఆయన అడిగినాడని..."

"మీసాలు మాత్రం శానా బాగ కుదిరినాయి," గౌరి నవ్వింది. "ఒక్కో ఎంటికా పెరుక్కోను ఎంత ఏడిస్తినో నీకే చెప్పుకుంటి గదక్కా. నువ్వు ఒక్క గీతతో మళ్ళా పెట్టేస్తివే."

మూట గడప మీద పెట్టింది. "ఇంగ చీరలు అంగడికే ఇస్తా. ఈడికి రాను."

గౌరి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పిలవడానికి కృష్ణవేణికి మొహం చెల్లలేదు.

"యేమే, మాడిన వాసనొస్తాంది, యాడుండావు?" భర్త గొంతు.

ఆమె పొయ్యి ఆర్పింది. కుర్రాళ్ళ మధ్య నుంచే నడిచి వీధిలోకి వెళ్ళింది. ఎదురుగోడ మీది పోస్టర్ అంచున గోళ్ళు దించి లాగింది. సగం మొహం, ఒక మీసం ఊడి వచ్చాయి. పోస్టర్ చింపితే తలలు పగిలే ఊరు అది. పక్క అంగడివాళ్ళు గబగబా షట్టర్లు దించారు. మల్లికార్జున చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"యేయ్, అది మన పార్టీది! ఇంకెవురన్నా ముట్టుకునింటే ఈ పాటికి చెయ్యి నరికింటిమి!"

కృష్ణవేణి రెండో మీసం కూడా పీకింది.

"నరికేదుంటే ఇది గీసిన పొద్దే నరకాల్సింది," అని వీధంతా వినేలా చెప్పి, పక్కగోడ వైపు నడిచింది.